గుండెకు మందు, కాలేయానికి సూది: జన్యు చికిత్స పరిశోధన ఎక్కడిదాకా వచ్చింది?

పాలకొల్లు దగ్గర ఉండే మా పెదనాన్న ఈ మధ్య ఫోనులో ఒక వీడియో పంపారు. "ఒక్క ఇంజక్షన్ చాలు, జీవితాంతం గుండెపోటు రాదు" అని అందులో ఒకాయన గట్టిగా చెబుతున్నాడు. వీడియో వెనకే తన లిపిడ్ ప్రొఫైల్ కాగితం ఫొటో పెట్టి, కింద ఒక ప్రశ్న రాశారు: "ఇది నిజమేనా అబ్బాయి? నిజమైతే భీమవరానికి ఎప్పుడొస్తుంది?"

ఆయనకు ఆరేళ్ల క్రితం స్టెంట్ వేశారు. రాత్రి భోజనం తర్వాత వేసుకునే మాత్ర అప్పుడప్పుడూ మరచిపోతారు. జవాబు రాయబోయి ఆగిపోయాను. అవునన్నా తప్పే, కాదన్నా తప్పే. ఆ వీడియో చెప్పే పరిశోధన నిజంగానే జరుగుతోంది, ఫలితాలు కూడా వస్తున్నాయి. అయితే గుండె పేరుతో వార్తల్లోకి వచ్చే ఈ చికిత్సల్లో ఇప్పటివరకు బాగా పనిచేసినవి గుండెను ముట్టుకోనే లేదు. అవి పనిచేసేది కాలేయంలో. వాటి వల్ల ప్రమాదం వస్తే ముందు దెబ్బ తగిలేదీ ఎక్కువగా కాలేయానికే. ఈ రెండు అవయవాల కథను కలిపి చదివితేనే విషయం అర్థమవుతుంది.

అసలు దస్తావేజు, నకలు, విడి కాగితం

మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ సుమారు 300 కోట్ల అక్షరాల రాత ఉంటుంది. తల్లి నుంచి ఒక ప్రతి, తండ్రి నుంచి ఒక ప్రతి. ఆ రాతలో ఒక ప్రొటీన్‌ను ఎలా తయారుచేయాలో చెప్పే భాగాన్ని జన్యువు అంటాం. కణం ఆ రాతను నేరుగా వాడదు. రిజిస్ట్రారు ఆఫీసులో అసలు దస్తావేజు భద్రంగా ఉంటుంది, మన పనులన్నీ నకలుతో జరుగుతాయి. ఇక్కడా అంతే. డీఎన్‌ఏ అసలు దస్తావేజు. ఎంఆర్‌ఎన్‌ఏ నకలు. నకలు చూసి కణం ప్రొటీన్ తయారుచేస్తుంది.

వార్తల్లో ఒకే గంపలో పడేస్తున్న మూడు చికిత్సలు ఈ పోలికతో విడివిడిగా కనిపిస్తాయి. మొదటిది నకళ్లను చింపేయడం. అసలు దస్తావేజు అలాగే ఉంటుంది, బయటికొచ్చిన నకళ్లు మాత్రం పని జరగకముందే నాశనమవుతాయి. మందు ప్రభావం తగ్గగానే కొత్త నకళ్లు వస్తాయి కాబట్టి మళ్లీ మళ్లీ ఇవ్వాలి. కొలెస్ట్రాల్ తగ్గించే ఇన్‌క్లిసిరాన్ ఇలాంటిదే. మొదట్లో మూడు నెలల తేడాతో రెండు సూదులు, ఆ తర్వాత ఆరు నెలలకు ఒకటి. దీనికి యూరప్‌లో 2020లో, అమెరికాలో 2021లో అనుమతి వచ్చింది. రెండోది దస్తావేజు పక్కన విడి కాగితం చేర్చడం. చెడిపోయిన జన్యువుకు బదులుగా మంచి ప్రతిని హానిచేయని వైరస్ గుల్లలో పెట్టి కణంలోకి పంపుతారు. ఇదే పాత అర్థంలో జన్యు చికిత్స. మూడోది అసలు దస్తావేజులోనే అక్షరం దిద్దడం. దీన్ని జన్యు సవరణ అంటున్నారు. 2012లో జెన్నిఫర్ డౌడ్నా, ఇమాన్యుయెల్ షార్పెంటియే వెల్లడించిన క్రిస్పర్ పద్ధతి దీనికి దారి తీసింది. వారిద్దరికీ 2020లో రసాయనశాస్త్ర నోబెల్ దక్కింది.

క్రిస్పర్ మొదటి రూపం డీఎన్‌ఏను రెండు పోగుల మీదా కత్తిరిస్తుంది. 2016లో డేవిడ్ లియూ ప్రయోగశాల నుంచి వచ్చిన బేస్ ఎడిటింగ్ అలా కత్తిరించకుండా ఒక్క అక్షరాన్ని మారుస్తుంది. పెదనాన్న పంపిన వీడియోలోని "ఒక్క ఇంజక్షన్" ఈ మూడో రకానికి చెందినది.

తూమును పెరికేసే ప్రొటీన్

డెల్టాలో పుట్టినవాళ్లకు సాగునీటి కాలువ ఎంత ముఖ్యమో మురుగు కాలువ కూడా అంతే ముఖ్యమని వేరే చెప్పనక్కర్లేదు. ధవళేశ్వరం నుంచి నీళ్లు ఎంత సక్రమంగా వచ్చినా, అల్పపీడనం పట్టిన వారంలో చేలోని నీరు బయటికి పోయే తూము పూడుకుపోతే కోసిన పనలు అక్కడే కుళ్లి మొలకెత్తుతాయి. రక్తంలోని ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్ (చెడు కొలెస్ట్రాల్ అనేది ఇదే) విషయంలోనూ తిండి ద్వారా లోపలికి వచ్చేదాని కన్నా బయటికి పోయేదే చాలామందిలో పెద్ద లెక్క.

ఆ బయటికి పోయే దారి కాలేయం. కాలేయ కణాల మీద ఎల్‌డీఎల్‌ను పట్టుకుని లోపలికి లాగే గ్రాహకాలు ఉంటాయి. మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్ వీటిని కనిపెట్టి 1985లో నోబెల్ అందుకున్నారు. ఒక గ్రాహకం ఎల్‌డీఎల్‌ను లోపల దించి, ఖాళీ బండిలా మళ్లీ కణం పైకి వచ్చి, ఇంకొక దాన్ని పట్టుకుంటుంది. పీసీఎస్‌కే9 అనే ప్రొటీన్ వచ్చి ఆ గ్రాహకానికి అంటుకుంటే ఈ రాకపోకలు ఆగిపోతాయి. ఎల్‌డీఎల్‌తో పాటు గ్రాహకాన్ని కూడా కణం లోపలే నాశనం చేస్తుంది. అంటే పీసీఎస్‌కే9 తూము మూయడంతో సరిపెట్టదు, తూమునే పెరికేస్తుంది.

2003లో ఫ్రాన్స్‌లో కొన్ని కుటుంబాలను పరిశీలించినప్పుడు ఈ జన్యువు మరీ చురుగ్గా ఉన్నవారిలో కొలెస్ట్రాల్ విపరీతంగా పెరిగినట్టు తేలింది. దానికి సరిగ్గా ఎదురు ఉదాహరణ అమెరికాలోని డల్లాస్‌లో దొరికింది. జొనాథన్ కోహెన్, హెలెన్ హాబ్స్ బృందం 2006లో ప్రచురించిన పరిశీలనలో, పుట్టుకతోనే ఈ జన్యువు ఒక ప్రతి పనిచేయని నల్లజాతి అమెరికన్లకు ఎల్‌డీఎల్ 28 శాతం తక్కువగా ఉంది. గుండె రక్తనాళాల జబ్బు మాత్రం 88 శాతం తక్కువ. నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించే అంకె ఇదే. కొలెస్ట్రాల్ కొంచెమే తగ్గినా, పుట్టినప్పటి నుంచి తగ్గి ఉండటం వల్ల ప్రయోజనం అంత పెద్దదైంది.

కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రల మీద చాలామందికి ఉండే అనుమానానికీ ఇక్కడే జవాబు ఉంది. మోతాదు రెట్టింపు చేస్తే ఫలితం రెట్టింపు కాదేమని అడుగుతారు. స్టాటిన్ వేసుకుంటే కాలేయ కణం గ్రాహకాలను ఎక్కువగా తయారుచేస్తుంది. అదే సంకేతంతో పీసీఎస్‌కే9 కూడా పెరుగుతుంది. ఒక చేత్తో తూములు పెట్టి, రెండో చేత్తో కొన్నిటిని పెరికినట్టు. అందుకే మోతాదు రెట్టింపు చేసిన ప్రతిసారీ అదనంగా తగ్గేది సుమారు 6 శాతమే.

మాంసం కొట్టు దగ్గర కనిపించే తేడా

ఈ చికిత్సలు కాలేయంలోకే ఎందుకు వెళ్తున్నాయి? ఆదివారం మాంసం కొట్టు దగ్గర నిలబడి చూసినవారికి ఈ జవాబు సగం తెలుసు. కార్జం ముక్క కత్తి తగలగానే తెగుతుంది, నెత్తురు ఊరి మొద్దు మీదికి కారుతుంది. అదే గుండెకాయ ముక్కకు కత్తి ఆడాలంటే కాస్త బలం కావాలి. అది బిగువైన కండ.

సూక్ష్మదర్శినిలోనూ ఆ తేడాయే. గుండె కండరంలోని సన్నటి రక్తనాళాల గోడ అతుకుల్లేని గుడ్డలా ఉంటుంది. కాలేయంలోని నాళాల గోడకు జల్లెడలా రంధ్రాలుంటాయి. ఒక్కొక్కటి సుమారుగా మిల్లీమీటరులో పదివేలవ వంతు. జన్యు సవరణ సామగ్రిని నింపి పంపే కొవ్వు బుడగలు, అంటే లిపిడ్ నానోకణాలు, దాదాపు ఆ పరిమాణంలోనే ఉంటాయి. రక్తంలోకి వెళ్లగానే వాటికి ఏపీఓఈ అనే ప్రొటీన్ పూతలా అంటుకుంటుంది. దాన్ని చూసి కాలేయ కణం వాటిని కూడా కొవ్వు రేణువులేననుకుని ఎల్‌డీఎల్ గ్రాహకం ద్వారా లోపలికి తీసుకుంటుంది.

ఇందులో ఒక చిక్కు దాగి ఉంది. కుటుంబ పరంపరగా కొలెస్ట్రాల్ విపరీతంగా ఉండే జబ్బు ఒకటుంది. తల్లి లేదా తండ్రి నుంచి చెడిన జన్యువు ఒకటి వచ్చినవారు దాదాపు 250 మందిలో ఒకరు. ఇద్దరి నుంచీ వచ్చినవారు చాలా అరుదు. వాళ్లలో కొందరికి ఎల్‌డీఎల్ గ్రాహకాలే పనిచేయవు. మందు అందరికంటే ఎక్కువ అవసరమైనవారి ఇంట్లోనే మందు వెళ్లాల్సిన తలుపు లేదన్నమాట. అందుకని శాస్త్రవేత్తలు నానోకణానికి గాల్‌నాక్ అనే చక్కెరను తగిలించారు. దాన్ని పట్టుకునే గ్రాహకం వేరే ఉంది, అది కాలేయ కణాల మీదే దండిగా ఉంటుంది.

పరీక్షల్లో ఇప్పటివరకు తేలినవి

పీసీఎస్‌కే9 జన్యువును శాశ్వతంగా ఆపే బేస్ ఎడిటింగ్ మందును 2022 జులైలో న్యూజీలాండ్‌లో తొలిసారి ఒక మనిషికి ఇచ్చారు. తయారుచేసిన సంస్థ వర్వ్ థెరప్యూటిక్స్. దాని స్థాపకుల్లో శేఖర్ కథిరేసన్, కిరణ్ ముసునూరు ఉన్నారు. 2023 నవంబరులో తొలి ఫలితాలు వచ్చాయి. ఎక్కువ మోతాదు తీసుకున్న కొద్దిమందిలో ఎల్‌డీఎల్ 39 నుంచి 55 శాతం తగ్గింది. 2024 ఏప్రిల్‌లో ఒక రోగికి కాలేయ ఎంజైమ్ పెరిగి, ప్లేట్‌లెట్లు పడిపోవడంతో కొత్తవారిని చేర్చుకోవడం ఆపేశారు. అనుమానం మొత్తం నానోకణం మీదికి వెళ్లింది. సవరణ చేసే పనిముట్టును కాకుండా దాన్ని మోసే బుడగను మార్చి, గాల్‌నాక్ తగిలించి, రెండో మందు తెచ్చారు. 2025 ఏప్రిల్‌లో 14 మంది ఫలితాలు చెప్పారు. కిలో బరువుకు 0.6 మిల్లీగ్రాముల మోతాదులో ఎల్‌డీఎల్ సగటున 53 శాతం తగ్గింది. ఆ జులైలోనే పెద్ద మందుల కంపెనీ ఎలై లిల్లీ ఆ సంస్థను కొనేసింది.

2025 నవంబరులో మరో దారి గురించి వార్త వచ్చింది. ఏఎన్‌జీపీటీఎల్3 అనే ఇంకొక కాలేయ జన్యువును క్రిస్పర్‌తో ఆపితే, 15 మంది పాల్గొన్న పరీక్షలో అత్యధిక మోతాదు దగ్గర ఎల్‌డీఎల్, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని మరో రకం కొవ్వు) రెండూ సుమారు సగానికి తగ్గాయి.

ఈ శాతాలను ఒక కాగితం మీద వేసి చూద్దాం. మందుల్లేనప్పుడు ఒకరి ఎల్‌డీఎల్ 210 అనుకుందాం. బలమైన స్టాటిన్‌తో సగం తగ్గితే 105. స్టెంట్ పడినవారికి 55 కన్నా తక్కువ ఉండాలని యూరప్ వైద్య మార్గదర్శకాలు 2019 నుంచి చెబుతున్నాయి. 105 మీద మరో 53 శాతం తగ్గితే 49. అంటే లక్ష్యం కిందికి వచ్చినట్టే. 60 కిలోల మనిషికి 0.6 చొప్పున మొత్తం మందు 36 మిల్లీగ్రాములు, అదీ ఒక్కసారే.

అయితే 49 అనేది రక్తపరీక్షలో అంకె. గుండెపోట్లు తగ్గాయా లేదా అన్నది వేలమందిని ఏళ్ల తరబడి గమనిస్తేనే తేలుతుంది. 14 మంది, 15 మంది ఉన్న పరీక్షలు ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేవు, చెప్పాలని పెట్టినవీ కావు. "గుండెపోటు రాదు" అన్న వీడియో మాటకు ఈ పరీక్షల్లో ఆధారం లేదు.

కాలేయం మోస్తున్న బరువు

1999 సెప్టెంబరులో అమెరికాలో జెస్సీ గెల్సింగర్ అనే 18 ఏళ్ల యువకుడు పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరీక్షలో మరణించాడు. అతనిది కాలేయం అమ్మోనియాను వదిలించుకోలేని జబ్బు. మంచి జన్యువును ఎడినోవైరస్‌లో పెట్టి కాలేయ ధమనిలోకి ఎక్కించారు. ఒళ్లంతా తీవ్రంగా ఎదురుతిరిగి నాలుగు రోజుల్లో ప్రాణం పోయింది. ఈ రంగం చాలా ఏళ్లు వెనక్కి వెళ్లిపోయింది.

తర్వాత ఏఏవీ అనే మెతక వైరస్ వాడుకలోకి వచ్చింది. ఇక్కడ మోతాదే సమస్య. వెన్నుపూస కండర క్షీణత ఉన్న పసిపిల్లలకు ఇచ్చే జోల్‌జెన్‌స్మాలో కిలో బరువుకు 1.1 కోట్ల కోట్ల వైరస్ కణాలుంటాయి. పది కిలోల బిడ్డకు 11 కోట్ల కోట్లు. మందు చేరాల్సింది నరాలకు. కానీ నెత్తురులోకి వెళ్లినదాన్ని కాలేయం చాలా భాగం లాగేసుకుంటుంది. ఆ మందు తర్వాత కాలేయం విఫలమై ఇద్దరు పిల్లలు చనిపోయినట్టు 2022లో తెలిసింది. 2025లో ఇంకొక కండర క్షీణత చికిత్స తర్వాత ఇద్దరు కౌమార బాలురు అదే కారణంతో మరణించారు.

నానోకణాల పద్ధతిలోనూ ప్రమాదం లేకపోలేదు. ట్రాన్స్‌థైరెటిన్ అనే ప్రొటీన్ కాలేయంలో తయారై, వంకర తిరిగి, గుండె కండరంలో పేరుకుపోయే జబ్బు ఒకటుంది. కాలేయంలో ఆ జన్యువును క్రిస్పర్‌తో ఆపితే, ఎక్కువ మోతాదు తీసుకున్నవారిలో ప్రొటీన్ సగటున 87 శాతం తగ్గినట్టు 2021లో ఆరుగురి పరీక్షలో తేలింది. మనిషి ఒంట్లోకి నేరుగా ఎక్కించిన క్రిస్పర్ పనిచేస్తుందని చూపిన తొలి ఫలితం అది. అదే మందు పెద్ద పరీక్షలో 2025 అక్టోబరులో ఒక వృద్ధ రోగికి కాలేయం తీవ్రంగా దెబ్బతింది. పరీక్షలు ఆపేశారు, ఆయన తర్వాత మరణించారు. కాలేయం దెబ్బతింటే పెరిగే, మన ల్యాబు కాగితాల్లో ఎస్‌జీపీటీ అని కనిపించే అంకెను ఈ పరీక్షల్లో అంత జాగ్రత్తగా చూసేది ఇందుకే.

నేరుగా గుండెలోకి వెళ్లాలంటే

గుండె కండరానికి మన ప్రాంతంతో ఒక బంధం ఉంది. కండరం పనికి కావలసిన శక్తి ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ రూపంలో నిలవుంటుందని హార్వర్డ్‌లో వెలికితీసినవారిలో యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. క్షణం ఆగకుండా ఆ శక్తిని ఖర్చు చేసే కండరాన్ని బాగుచేయడం మాత్రం నేటికీ కష్టంగానే ఉంది.

గుండె బలహీనపడినవారికి కాల్షియంను సరిగా తిప్పే ఎస్‌ఈఆర్‌సీఏ2ఏ జన్యువును ఏఏవీతో అందించిన పరీక్ష చిన్న దశలో ఆశ పుట్టించింది. 250 మందితో చేసిన తర్వాతి దశలో, 2015లో, ఉత్తుత్తి మందు తీసుకున్నవారికీ వీరికీ తేడా కనిపించలేదు. కండరానికి చేరిన జన్యువు చాలా తక్కువ. డానన్ అనే అరుదైన గుండె కండర జబ్బుకు ఇలాగే ఏఏవీతో జన్యువు అందిస్తే మాత్రం తొలి రోగుల గుండె గోడల మందం తగ్గిందని 2024లో ప్రచురించారు. మరుసటి ఏడు తర్వాతి దశలో ఒక రోగి చనిపోవడంతో కొన్ని నెలలు ఆపి, మళ్లీ మొదలుపెట్టేందుకు అనుమతించారు.

గుండె కణాలకు ఒక అనుకూలం కూడా ఉంది. అవి దాదాపుగా విభజన చెందవు. విడి కాగితంలా చేర్చిన జన్యువు వాటిలో ఏళ్ల తరబడి నిలుస్తుంది. కాలేయ కణాలు విభజన చెందినప్పుడల్లా ఆ కాగితం కొత్త కణానికి అందకుండా పలచబడుతుంది. ఎదిగే పిల్లల కాలేయానికి ఏఏవీ కన్నా సవరణ మేలని చాలామంది అనుకోవడానికి కారణం అదే.

మనకు దగ్గరి జన్యువు ఇంకొకటుంది. గుండె కండరంలోని ఎంవైబీపీసీ3లో 25 అక్షరాలు లోపించిన మార్పు భారతీయుల్లో సుమారు 4 శాతం మందికి ఉందని, దానికీ గుండె వైఫల్యానికీ సంబంధం ఉందని 2009లో హైదరాబాద్ సీసీఎంబీకి చెందిన తంగరాజ్ సహా ఒక బృందం ప్రకటించింది. సగటు అలాగే వర్తిస్తే వెయ్యి మంది ఉన్న ఊళ్లో 40 మంది. ఇది విని హడలిపోనక్కర్లేదు. ఆ మార్పుతో పాటు వచ్చే మరో మార్పు ఉన్నవారిలోనే ముప్పు ఎక్కువగా కనిపిస్తోందని 2018లో వచ్చిన పరిశోధన సూచించింది. ఇదే జన్యువులో వేరే లోపాలతో గుండె గోడలు మందమైనవారికి మంచి ప్రతిని ఏఏవీలో పెట్టి ఇచ్చే పరీక్షలు అమెరికాలో తొలి దశలో ఉన్నాయి. ఏఏవీలో సుమారు 4,700 అక్షరాలే పడతాయి. ఈ జన్యువు సారం 3,800 అక్షరాలు కాబట్టి ఇముడుతుంది.

కాలేయం కోసమే చేసినవి

2025 మేలో ఫిలడెల్ఫియా నుంచి వచ్చిన వార్త నన్ను కదిలించింది. సీపీఎస్1 అనే ఎంజైమ్ లేక అమ్మోనియా పేరుకుపోయే ఒక పసిబిడ్డకు, వాడి జన్యువులోని తప్పుకు మాత్రమే సరిపోయే బేస్ ఎడిటర్‌ను ఆరు నెలల్లో తయారుచేశారు. రెబెకా అహ్రెన్స్-నిక్లాస్, కిరణ్ ముసునూరు దీనికి నాయకత్వం వహించారు. మూడు విడతలుగా ఇచ్చాక బిడ్డ ఎక్కువ మాంసకృత్తులు తినగలిగాడు, మందుల మోతాదు తగ్గింది. పూర్తిగా నయమైందని వైద్యులు అనలేదు. గెల్సింగర్‌దీ అమ్మోనియా జబ్బే. రెండింటి మధ్య పాతికేళ్లు.

మన దగ్గర వెల్లూరు సీఎంసీ ఆసుపత్రి వేరే దారి పట్టింది. గోదావరి జిల్లాల వాళ్లకు ఆ ఊరు కొత్త కాదు, కాట్పాడిలో దిగే తెలుగు కుటుంబాలు ఎన్నో. అక్కడ తీవ్రమైన హీమోఫీలియా-ఏ (రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు) ఉన్న ఐదుగురి రక్త మూలకణాలను బయటికి తీసి, రక్తం గడ్డకట్టే ఫ్యాక్టర్ 8 జన్యువును చేర్చి, తిరిగి ఎక్కించారు. 2024 డిసెంబరులో ఫలితం వెల్లడించారు. ఐదుగురికీ రక్తస్రావాలు ఆగిపోయాయి. ఈ జబ్బు జన్యు చికిత్సల్లో మామూలుగా చేసేట్టు వైరస్‌ను కాలేయంలోకి పంపే పనే ఈ పద్ధతిలో లేదు.

శాశ్వతమా, ఆరు నెలలకొకటా?

శాశ్వత సవరణ కావాలనేవారి వాదన బలమైనది. మాత్రలు ఏళ్ల తరబడి వేసుకునేవారు తక్కువ, మధ్యలో మానేసేవారు ఎక్కువ. పైగా కొలెస్ట్రాల్ హాని వయసుతో కూడుతూ పోతుంది. ముతక లెక్క ఒకటి: ఎల్‌డీఎల్ 110 ఉన్న మనిషి 60 ఏళ్లకు 6,600 "కొలెస్ట్రాల్ సంవత్సరాలు" మోస్తాడు. 210తో పుట్టినవాడు ఆ 6,600కు 31 ఏళ్లకే చేరతాడు. డల్లాస్ బృందం చూపిన 88 శాతం కూడా ఇదే చెబుతోంది, ఎంత త్వరగా తగ్గిస్తే అంత మేలు.

ఎదురు వాదన కూడా కొట్టిపారేయదగింది కాదు. స్టాటిన్ చవక, పడకపోతే మానేయవచ్చు. ఇన్‌క్లిసిరాన్ ప్రభావం కొన్ని నెలల్లో దిగిపోతుంది. దిద్దిన అక్షరాన్ని వెనక్కి తీసుకునే దారి ఇప్పుడు లేదు. ఉద్దేశించని చోట అక్షరం మారితే దాని ఫలితం ఎన్నో ఏళ్లకు గాని తెలియకపోవచ్చు. ఇలాంటి చికిత్స తీసుకున్నవారిని 15 ఏళ్ల వరకు గమనించాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ చెబుతుంది. మన దేశంలో వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2019లోనే జన్యు చికిత్సలకు మార్గదర్శకాలు తెచ్చింది.

నా మట్టుకు ఈ రెండు వాదనలూ వేర్వేరు మనుషుల గురించి అనిపిస్తుంది. ఇరవై ఏళ్లకే రక్తనాళాల్లో పూడిక మొదలయ్యే కుటుంబాలవారికి ఈ ప్రమాదం మోయదగినది కావచ్చు. అరవై దాటి, మాత్రతో ఎల్‌డీఎల్ అదుపులో ఉన్న మనిషికి త్రాసు ఇంకొక వైపు మొగ్గుతుంది.

ధర మాట తప్పించుకోలేం. 2022లో హీమోఫీలియా-బీ జన్యు చికిత్సకు అమెరికాలో 35 లక్షల డాలర్ల ధర పెట్టారు. జోల్‌జెన్‌స్మా కోసం 16 కోట్ల రూపాయల విరాళాలు అడుగుతూ తెలుగు తల్లిదండ్రులు చేతులు జోడించిన ఫొటోలు మనం మరచిపోలేదు. నానోకణాల మందులు కోవిడ్ టీకాల తరహాలో పెద్ద ఎత్తున తయారుచేయగలిగినవి కాబట్టి ఇంత ఖరీదు ఉండదని ఆశించేవారున్నారు. లెడర్లీ అనే అమెరికా మందుల కంపెనీలో సుబ్బారావు నడిపిన బృందం నుంచి 1940లలో వచ్చిన డైఇథైల్‌కార్బమజీన్ గోదావరి జిల్లాల్లో బోదకాలు మాత్రగా ఇంటింటికీ ఉచితంగా చేరింది. జన్యు మందుకు అలాంటి దారి ఎవరు వేస్తారన్నది వైద్యులు ఒక్కరే తేల్చే విషయం కాదు.

పెదనాన్నకు ఇదంతా ఫోనులో రెండు విడతలుగా చెప్పాను. కొలెస్ట్రాల్‌కు జన్యు సవరణ మందు ఏదీ ఇంకా అమ్మకానికి రాలేదని, ఎవరైనా డబ్బు కట్టమంటే కట్టవద్దని అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత అడిగారు: "నాకు దిద్దితే మనవడికి కూడా దిద్దినట్టేనా?"

కాదు. సవరణ ఆయన కాలేయంలో జరుగుతుంది, వంశంలోకి వెళ్లే కణాల్లో కాదు. ఆయనది కుటుంబ పరంపరగా వచ్చిన రకమైతే ఒక్కో బిడ్డకు అది వచ్చే అవకాశం సగానికి సగం. ఆయన కొడుకు, మా పెద్దన్నయ్యకు 38 ఏళ్లు. ఇంతవరకు ఒక్కసారి కూడా కొలెస్ట్రాల్ పరీక్ష చేయించుకోలేదు. ఆ మాట విన్నాక పెదనాన్న తన మందుల సంగతి మళ్లీ ఎత్తలేదు. "రేపు పొద్దున్నే వాణ్ని పరగడుపున ల్యాబుకు తీసుకెళ్తాను" అని ఫోను పెట్టేశారు.